కిటికీ పక్క కంప్యూటర్ ఆరోగ్యం

నాకు అసూయ ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. పక్క వాటాలోకి కొత్త ఫ్రిజ్ వస్తే ఆ పూట నాకు అన్నం సహించదు. మా ఆడపడుచుకి జాకెట్టు చక్కగా కుదిరితే, ఆ టైలరు నాకెందుకు అలా కుట్టలేదని మా ఆయన మీద విసుక్కుంటాను. ఇలాంటివి అందరికీ ఉండేవే అనుకోండి. కానీ పక్క సీటు కంప్యూటర్‌లో ఉన్న డిస్కు ఆరోగ్యం చూసి కుళ్ళిపోయిన మనిషి బెజవాడ మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నేను పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. పటమటలో ఒక ఫోటో స్టూడియో. ముందు గదిలో సోఫా, ఏసీ, గోడల నిండా మేం తయారుచేసిన నిలువెత్తు పెళ్ళికూతుళ్ళు. కస్టమర్లు అక్కడ కూర్చుంటారు, కూల్‌డ్రింకు తాగుతారు, ఓనరు గారితో మాట్లాడి వెళ్ళిపోతారు. డిజైన్ చేసేవాళ్ళం వెనక గదిలో ఉంటాం. కంకిపాడు నుంచి అవనిగడ్డ దాకా ఎన్ని బీరువాల్లో నా చేతి ఆల్బమ్‌లు ఉన్నాయో నాకే తెలియదు. ఆ ఇళ్ళల్లో ఒక్కరికి కూడా నా ముఖం తెలియదు. అది నాకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుకుంటూ ఉండేది.

వెనక గదిలో రెండు సీట్లు. గోడ పక్కది నాది, కిటికీ పక్కది ఇంకో అమ్మాయిది. ముస్లింల అమ్మాయి. భవానీపురం నుంచి ఆటోలు మారి వచ్చేది. నాకంటే బాగా చిన్న, నా తర్వాత ఎప్పటికో చేరింది, నన్ను అక్కా అని పిలిచేది. ఆ పిలుపులో కల్మషం ఏమీ ఉండేది కాదు. అదే నాకు గిట్టేది కాదు. కల్మషం ఉంటే కనీసం పోట్లాడుకోవచ్చు.

మా ఓనరు గారు స్టూడియో పెట్టకముందు ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పిన మనిషి. ఇప్పటికీ వస్తువు అరిగిన తీరు చూసి మనిషిని తూకం వేస్తారు. "క్లచ్చి ప్లేటు చూపించండమ్మా, డ్రైవరు ఎలాంటోడో నేను చెప్తా" అంటారు. ఒకసారి పాత కంప్యూటర్‌లో డిస్కు ఉన్నట్టుండి చచ్చిపోయి, గుడివాడ వాళ్ళ పెళ్ళి సగం దాంతోపాటే పోయింది. పెళ్ళికొడుకు తండ్రి ముందు ఓనరు గారు చేతులు కట్టుకుని నిలబడటం నేను తలుపు సందులోంచి చూశాను. తర్వాత ఆయన ఒకే రకం కంప్యూటర్లు రెండు తెప్పించారు. రెండింటిలోనూ ఒకే కంపెనీ, ఒకే సైజు ఎస్ఎస్‌డీ. ఒకే రోజు రెండింటికీ పసుపు కుంకుమ పెట్టి, ఒకే కొబ్బరికాయ కొట్టాం.

ఈ ఎస్ఎస్‌డీలో పాత డిస్కుల్లాగా తిరిగే చక్రాలు ఉండవు, అన్నీ చిప్పులే. చదివినందుకు అది అరగదు. రాసినందుకు అరుగుతుంది. ఒక్కో గడిలో ఇన్నిసార్లు మాత్రమే రాయవచ్చని దాని నుదుటి రాత. ఎంత అరిగిందో చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. కొత్తదానికి ఆరోగ్యం నూరు శాతం అని వేస్తుంది, రాసిన కొద్దీ ఆ అంకె దిగుతుంది. ఓనరు గారికి అది ఇంజన్ ఆయిల్ చూసే పుల్లలా దొరికింది. ప్రతి నెలా మొదట్లో ఆయనే వచ్చి, మా ఇద్దరినీ లేపి, మౌస్ పట్టుకుని ఆ అంకె చూసేవారు.

అప్పుడే భవానీపురంలో రెండో బ్రాంచి మాట వచ్చింది. "మీ ఇద్దర్లో ఒకళ్ళు అక్కడ ఇన్‌చార్జి. ముందు కౌంటర్లో మీరే కూర్చోవాలి, కస్టమర్లతో మీరే మాట్లాడాలి. వస్తువు ఎవరు జాగ్రత్తగా చూసుకుంటారో వాళ్ళకే తాళాలు" అన్నారు ఓనరు గారు. ముందు కౌంటర్లో కుర్చీ అన్న మాట చెవిన పడగానే నాకు ఇంక వేరే ధ్యాస లేదు. పెళ్ళికూతురి తల్లి వచ్చి నా ఎదురుగా కూర్చుని, ఆల్బమ్ తిప్పి, "ఇది మీరే చేశారా అండీ?" అని అడగాలి. నాకు కావలసింది అంతే. అది నాకు కాక ఇంకెవరికి వస్తుంది, వస్తువు జాగ్రత్తలో నన్ను మించినవాళ్ళు ఎవరున్నారు అనుకున్నాను.

ఆ నెల మొదట్లో ఓనరు గారు చూస్తే నాది ఎనభై ఒకటి, ఆ అమ్మాయిది తొంభై ఏడు.

"ఏంటమ్మా ఇది, రెండూ ఒకే రోజు కొన్నయ్యి కదా. మీదేంటి ఇంత అరిగింది? ఏం చేస్తన్నారు దాంతో?" అన్నారు ఆయన.

"నేనేం చేస్తానండీ. పసిపిల్లకి చేసినట్టు చేస్తన్నా" అన్నాను.

"అవును సార్, అక్క చాలా జాగ్రత్త" అంది కిటికీ పక్కనుంచి ఆ అమ్మాయి. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

నేను చెప్పింది అబద్ధం కాదు. సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు తెరిచినవన్నీ మూసి, కంప్యూటర్ ఆపి, స్విచ్ తీసి, పైన గుడ్డ కప్పేదాన్ని. డెస్క్‌టాప్ మీద ఒక్క ఫైలు కనబడనిచ్చేదాన్ని కాదు. మా ఇంట్లో శుక్రవారం గడప కడగకుండా పొయ్యి వెలిగించరు. ఆ అలవాటు నేను స్టూడియోకి కూడా తెచ్చుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక కంప్యూటర్‌కి తలంటు. పాత డిస్కుల కాలంలో చెల్లాచెదురైన ఫైళ్ళని వరసగా సర్దే సాఫ్ట్‌వేర్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను. ముందు దాంతో సర్దేదాన్ని. తర్వాత ఖాళీ జాగా మొత్తం తుడిచే సాఫ్ట్‌వేర్ వేసేదాన్ని.

ఈ తుడవడం వెనక ఒక మర్యాద ఉంది. ఆల్బమ్ చేతికి అందాక, పెళ్ళికూతురి తరఫువాళ్ళు మా ఓనరు గారిని పక్కకి పిలిచి, "పిల్ల ఫోటోలు మీ దగ్గర ఉంచబాకండి, తీసేయించండి" అంటారు. మంగళస్నానం ఫోటోలు ఉంటాయి, నలుగు ఫోటోలు ఉంటాయి. వాళ్ళ భయం వాళ్ళది. ఒకసారి ఉయ్యూరు నుంచి వచ్చిన ఒక మేనమామ, డిలీట్ చేసినా మళ్ళీ బయటికి లాగొచ్చని పెద్ద గొడవ చేశాడు. అప్పటినుంచి ఉత్తి డిలీట్ కాదు, తుడుపే. పెళ్ళికూతురి తల్లి మా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేది. స్క్రీన్ మీద గీత మెల్లగా నిండటం చూసి, తృప్తిగా వెళ్ళిపోయేది. చూసింది స్క్రీన్‌నే, నన్ను కాదు. అయినా ఆ ఇంటి ఆడపిల్ల పరువు నా చేత్తో కాపాడుతున్నానని నాకు గర్వంగా ఉండేది.

ఇక కిటికీ పక్క సంగతి. ఆ అమ్మాయి కంప్యూటర్ ఆపిన రోజు నేను చూడలేదు. నిద్రపుచ్చేసి బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయేది. డెస్క్‌టాప్ నిండా ఫైళ్ళు, ఉతకాల్సిన బట్టల్లా. బ్రౌజర్‌లో ఎన్ని పేజీలు తెరిచి ఉండేవో లెక్కే లేదు, వాటిలో ఒకదాంట్లో ఎప్పుడూ ఎవరో ఏదో వండుతూ ఉండేవాళ్ళు. తను చేసిన ఆల్బమ్‌లు ఒకసారి సరిచూసే చాకిరీ కూడా ఓనరు గారు నాకే తోసేవారు. డెలివరీ అయిపోయిన పెళ్ళిళ్ళని తీరిక దొరికినప్పుడు ఒక్క డిలీట్ కొట్టి ఊరుకునేది. అలాంటి మనిషి డిస్కు ఆరోగ్యం తొంభై ఏడు. ఇంటెడు చాకిరీ చేసేదానికి నడుం నొప్పి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నదానికి నిగనిగలాడే ఒళ్ళు. ఇదేం న్యాయం అని నాలో నేనే రగిలిపోయాను.

పట్టుదల వచ్చింది. వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఎస్ఎస్‌డీ ఎక్కువ కాలం బతకాలంటే అది ఆపండి, ఇది ఆపండి అని చెప్పేవాళ్ళు కొల్లలు. ఆపరేటింగ్ సిస్టమ్ మనకి చెప్పకుండా రోజంతా ఏదో ఒకటి రాస్తూనే ఉంటుందట. మెమరీ చాలకపోతే మిగిలినదాన్ని డిస్కు మీద పరుచుకుంటుందట. తర్వాత వెతుక్కోవడానికి వీలుగా ఫైళ్ళ పేర్లకి సూచిక రాసుకుంటుందట. సూచిక ఆపేశాను. డిస్కు మీద పరుచుకోవడం కూడా ఆపేశాను. దాంతో, తెనాలి వాళ్ళ పెళ్ళి తలంబ్రాల పేజీ సగంలో ఉండగా మెమరీ చాలక సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. పేజీ పోయింది. కిటికీ పక్కన వంటల వీడియోలో తాలింపు చిటపటలాడింది. ఆ తాలింపు నా గుండెల్లోనే వేసినట్టు ఉంది.

అయినా అంకె దిగుతూనే ఉంది. అప్పుడు నాకు ఒక ఆలోచన తట్టింది. తప్పు నాది కాదు, కంప్యూటర్‌ది. రెండూ ఒకటే అని అమ్మినవాళ్ళు అన్నారు కానీ లోపల ఏముందో ఎవరు చూశారు? మంచిది కిటికీ పక్కన పెట్టి, నాసిది నాకు అంటగట్టి ఉంటారు. పెళ్ళిళ్ళలో మంచి విస్తరి ఎవరి ముందు పడుతుందో నాకు తెలియనిదా. ఓనరు గారు ఏదో పని మీద హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఫోన్ చేసి, ఏసీ గాలి నా మెడ మీదికి కొడుతోంది, సీట్లు మార్చుకుంటామని చెప్పాను. ఆయన ట్రాఫిక్‌లో ఉన్నట్టున్నారు. "మీ ఇష్టమమ్మా, మీరూ మీరూ చూస్కోండి" అని పెట్టేశారు.

ఆ అమ్మాయి కారణం కూడా అడగలేదు. "సరే అక్కా, మీకెక్కడ బాగుంటే అక్కడ కూర్చోండి" అంది. గింజుకుంటుందేమో, ఒక మాట అనవచ్చు అని చూశాను. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఎవరి ఫైళ్ళు వాళ్ళం మోసుకుని సీట్లు మారాం.

మాఘమాసం వచ్చింది. పెళ్ళిళ్ళ మీద పెళ్ళిళ్ళు. కిటికీ పక్క తొంభై ఏడు ఇప్పుడు నాది. దాన్ని అలాగే నిలబెట్టి చూపిస్తే తాళాలు నావే. అందుకని శుక్రవారం దాకా ఆగకుండా, డెలివరీ అయిన ప్రతి పెళ్ళికీ అప్పటికప్పుడే తుడుపు పెట్టాను. కొన్ని వారాలు రోజూ తుడిచాను. ఎందుకైనా మంచిదని ఆ అంకె వైపు మాత్రం చూడలేదు. పరీక్ష రాసినవాళ్ళు ఫలితాల పేపరు తిప్పడానికి జంకినట్టు.

ఓనరు గారు వచ్చి చూసే సోమవారం దగ్గర పడింది. ముందు శుక్రవారం మధ్యాహ్నం తుడుపు మొదలుపెట్టబోతూ, ధైర్యం చేసి ఆ సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఎనభై ఎనిమిది. ఆ అమ్మాయి టీ తేవడానికి వెళ్ళినప్పుడు గోడ పక్కకి వెళ్ళి, ఒకప్పటి నా కంప్యూటర్ తెరిచి చూశాను. నేను వదిలి వచ్చిన దగ్గరే ఉంది, కదల్లేదు. అంటే రోగం కంప్యూటర్‌ది కాదు. నాతో పాటు సీటు మారింది.

శాతం కింద ఇంకో అంకె ఉంటుంది. ఆ డిస్కు మీద ఇప్పటిదాకా మొత్తం ఎంత రాత పడిందో చెబుతుంది. అది చూసి పెట్టుకుని, తుడుపు నడిపించి, మళ్ళీ చూశాను. నేను నెలల తరబడి చేసుకొచ్చిన ఆల్బమ్‌ల రాత ఒక ఎత్తు, ఆ ఒక్క మధ్యాహ్నం తుడుపు రాత ఒక ఎత్తు. ఖాళీ జాగా తుడవడం అంటే ఖాళీగా ఉన్న ప్రతి గడిలోనూ సున్నాలు రాసి, మళ్ళీ వాటిని తీసేయడం. పాత డిస్కుకి అది స్నానం. దీనికి చర్మం ఒలిచినట్టు. వరసగా సర్దడం కూడా అంతే, ఉన్నదాన్ని ఎత్తి ఇంకోచోట మళ్ళీ రాయడమే. చక్రాలు లేనిదానికి వరసతో పనేముంది.

ఆ తర్వాత కూర్చుని చదివాను. ఎంత చదివితే అంత మండింది. మనం డిలీట్ కొట్టగానే, ఈ గడులతో ఇక పనిలేదని ఆపరేటింగ్ సిస్టమే డిస్కుకి చెబుతుందట. డిస్కు తన తీరిక చూసుకుని తనే ఖాళీ చేసుకుంటుందట. ఆ ఉయ్యూరు మేనమామ భయపడ్డంత భయం ఈ డిస్కు విషయంలో దాదాపు అక్కర్లేదు. సూచికలూ, నిద్రపుచ్చడాలూ, పాతిక పేజీలూ, ఇవన్నీ రోజూ రాసే రాత డిస్కుకి చీమ కుట్టినంత. దాన్ని దాని మానాన వదిలేస్తే చాలు. ఏమీ చేయకపోవడమే దానికి కావలసిన సేవ అయితే, ఆ సేవలో కిటికీ పిల్లని మించినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. తెలిసి చేసినా నాకు ఇంత ఉక్రోషం ఉండేది కాదు, బద్ధకానికి బహుమతి వస్తోందే అని నా ఏడుపు.

సోమవారం మేం ఇంకా సీట్లలో కూర్చోకముందే ఓనరు గారు వచ్చారు. ముందు కిటికీ పక్క చూశారు. తర్వాత గోడ పక్క చూశారు. సీట్లు మారిన సంగతి ఆయనకి గుర్తే లేదు.

"ఏమ్మాయ్, నువ్వు బాగానే చూసుకునేదానివిగా. కిటికీ పక్కది ఒక్కసారి ఇంత పడిపోయిందేంటి? అక్కది చూడు, ఎక్కడిదక్కడ ఆగింది. మనిషన్నాక అట్టా దిద్దుకోవాల" అన్నారు ఆ అమ్మాయితో.

ఒక్క క్షణం నోరు మూసుకుని ఊరుకుంటే తాళాలు నావి. ఊరుకున్నాను కూడా. ఆ అమ్మాయి నా వైపు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగి మామూలుగా చెప్పింది.

"మేం సీట్లు మార్చుకున్నాం కదా సార్. అక్క మీకు ఫోన్ చేసింది. గోడ పక్కది ఇప్పుడు నేను వాడతన్నా."

ఓనరు గారు నన్ను చూశారు, కంప్యూటర్లని చూశారు, మళ్ళీ నన్ను చూశారు. క్లచ్చి ప్లేటు చూసే చూపు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ అమ్మాయి వైపు తిరిగి, "సరే అయితే. భవానీపురం బ్రాంచి నువ్వు చూసుకో" అన్నారు.

"నాకొద్దు సార్" అంది ఆ అమ్మాయి. "ఆ షాపు మా ఇంటి వెనక వీధిలోనే. మా అత్తగారు పొద్దున ఓసారి, మధ్యానం ఓసారి వచ్చి కూర్చునిద్ది. నేను ఇంత దూరం వచ్చేదే ఆ కాస్త గాలి పీల్చుకోడానికి. నన్ను ఇక్కడే ఉండనియ్యండి."

ఆయన నిట్టూర్చి, "అయితే మీరెళ్ళండమ్మా" అన్నారు నాతో.

అంతే. ఎన్నాళ్ళుగానో కోరుకున్న కుర్చీ నాకు అలా దొరికింది, ఇంకొకరు వద్దని తోసేసిన పళ్ళెంలా. నేను సరేనండీ అన్నానో లేదో కూడా గుర్తులేదు. బ్యాగు తీసుకుని రోడ్డు మీదికి వచ్చేశాను. స్టూడియో పక్క సందులో పునుగుల బండి ఉంటుంది. అక్కడ నిలబడి ఉంటే ఆ అమ్మాయి వెనకాలే వచ్చింది. పునుగులు చెప్పింది, ఒక పొట్లం నా చేతిలో పెట్టింది. నాకు ఏడుపు వస్తోంది, కోపం వస్తోంది, పునుగులు కాలుతున్నాయి.

"అక్కా, కొత్త బ్రాంచిలో మాత్రం ఆ తుడిచే సాఫ్ట్‌వేర్ వెయ్యబాకండి. ఆ మిషను కూడా పాడైపోద్ది" అంది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ తెలుసక్కా. మా తమ్ముడు కంప్యూటర్ల షాపులో చేస్తాడు, వాడే చెప్పాడు. అందుకే నేను దాన్ని ముట్టుకోను."

అంటే బద్ధకం కాదు. ప్రతి శుక్రవారం నేను చెమట్లు కక్కుతూ డిస్కు చర్మం ఒలుస్తుంటే, పక్కన కూర్చుని, వంటల వీడియో చూస్తూ, అన్నీ తెలిసి ఊరుకుంది. అక్క చాలా జాగ్రత్త అని ఓనరు గారికి చెప్పింది కూడా. పొట్లం ఆ పిల్ల మొహాన కొట్టాలనిపించింది.

"మరి ఒక్క మాట చెప్పొచ్చుగా?"

ఆ అమ్మాయి పుల్లతో పునుగుని చట్నీలో అటూ ఇటూ తిప్పింది.

"కుళ్ళక్కా" అంది చివరికి. "నేను ఆల్బమ్ చేసినప్పుడల్లా సార్ దాన్ని మీ దగ్గరికి పంపించేవారు కదా. మీరు ఒక్క ఫోటో అటు జరిపి ఇటు జరిపి ఇచ్చేసేవాళ్ళు. అంతే, పేజీ మొత్తం మారిపోయేది. నేను ఇంటికెళ్ళి ఆ పేజీ చూసి ఏడ్చేదాన్ని. నాకు రాదక్కా ఆ జరపడం. ఎంత చూసినా రాదు. మీ డిస్కు పడిపోతంటే, పోనీలే, ఇదైనా అక్క కంటే నాది బాగుందిలే అనుకున్నా."

ఆల్బమ్‌లు నా దగ్గరికి పంపడం నేను అదనపు చాకిరీ అనుకున్నాను. రెండు నిమిషాల్లో ఏదో జరిపి, విసుగ్గా తిప్పి పంపేసేదాన్ని. ఆ విసుగు పనిని చూసి ఒక మనిషి ఇంటికి వెళ్ళి ఏడ్చింది.

నాకు కోపం రావాలి. చెప్పకుండా నన్ను ముంచిన మనిషి. కానీ లోపల ఎక్కడో వేడి వేడి కాఫీ దిగినట్టు ఒక హాయి. పుట్టి బుద్ధెరిగాక ఊళ్ళోవాళ్ళందరినీ చూసి నేను కుళ్ళుకోవడమే గానీ, నన్ను చూసి కుళ్ళుకున్న మనిషి నాకు ఎన్నడూ ఎదురుపడలేదు.

"ఏమన్నావు? సరిగ్గా వినబళ్ళా" అన్నాను.

సందులో బండి నూనె చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ సంగతి ఆ అమ్మాయికీ తెలుసు. అయినా మళ్ళీ మొదట్నించీ చెప్పింది.